బుచ్చమ్మ ఎందుకెళ్లింది: కన్యాశుల్కం మూడోసారి చదివిన నా అనుభవం

పోయిన వేసవిలో మా అక్క కూతురు ఫోన్ చేసి, పిన్నీ నీకు గురజాడ నాటకం కన్యాశుల్కం బాగా తెలుసు కదా, గిరీశం హీరోనా విలనా ఒక్క ముక్కలో చెప్పెయ్, క్లాసులో మాట్లాడాలి అంది. దానిది డిగ్రీ ఫస్టియర్. నేను కూర తరుగుతూ, అసలేమాత్రం ఆలోచించకుండా, హీరోనే, కాకపోతే కొంచెం వెధవ హీరో అనేసా. అదీ నవ్వింది. నవ్వి, మరి బుచ్చమ్మ వాడితో ఎందుకెళ్లిపోయింది పిన్నీ అంది. ప్రేమించి ఉంటుందిలే అన్నా. ఎక్కడుంది అలా అని అడిగింది. ఎక్కడో ఉంటుందిలే తర్వాత చూసి చెప్తా అని పెట్టేసా కానీ ఆ ప్రశ్న రెండు మూడు రోజులు చెవిలో దోమలా తిరిగింది, ఎందుకంటే నిజంగా ఎక్కడుందో నాకు తెలీదు.

రెండుసార్లు చదివాను అని చెప్పుకు తిరిగేదాన్ని, అసలు విషయం ఏంటంటే మొదటిసారి చదివింది నాటకం కాదు గైడు. డిగ్రీలో పాత్ర చిత్రణ రాయండి అని పది మార్కుల ప్రశ్న వచ్చేది, గైడులో ఒక్కో పాత్రకి నాలుగు విశేషణాలు ఉండేవి, గిరీశం మాటకారి, అవకాశవాది, మధురవాణి ఉదాత్తురాలైన వేశ్య, బుచ్చమ్మ అమాయకురాలైన వితంతువు, అంతే. ఒక్కో విశేషణం కింద అయిదారు లైన్లు సాగదీస్తే పేజీ నిండేది. మార్కులు కూడా బాగానే వచ్చాయి, అదే అసలు సమస్య. రెండోసారి పెళ్లయ్యాక హైదరాబాద్ బుక్ ఎగ్జిబిషన్‌లో కొన్నా, బస్సులో ఆఫీసుకి వెళ్తూ చదివా. అప్పుడు నాకు అగ్నిహోత్రావధాన్లు ఎవరో లుబ్ధావధాన్లు ఎవరో సగం పుస్తకం వరకు కలిసిపోతూనే ఉన్నారు. ఒకాయన కృష్ణరాయపురం అగ్రహారం, బుచ్చమ్మ తండ్రి, డబ్బు తీసుకుని చిన్న కూతుర్ని పెళ్లికి అమ్మేవాడు, ఆ డబ్బే కన్యాశుల్కం, ఇంకొకాయన రామచంద్రపురం అగ్రహారం, కొనేవాడు. ఇది రాసుకోడానికి ఇప్పుడు ఒక్క లైను సరిపోయింది, అప్పుడు మాత్రం ఎవరు ఎవరికి ఏమవుతారో అని వెనక్కీ ముందుకీ తిప్పడమే. పైగా కరటకశాస్త్రి మారువేషంలో గుంటూరు శాస్త్రుల్లు అవుతాడు, ఆయన శిష్యుడు ఆడపిల్ల అవుతాడు, బస్సులో నించుని చదివేవాళ్లకి ఇవి చాలా కష్టం. దాంతో నేనేం చేసానంటే గిరీశం వచ్చే చోట్ల ఆగి ఎంజాయ్ చేస్తూ మిగతావి దాటేసా. 1955 సినిమా చిన్నప్పుడు టీవీలో చూసి ఉండటంతో గిరీశం అంటే ఎన్టీఆర్ మొహమే, మధురవాణి అంటే సావిత్రి మొహమే. ఎన్టీఆర్ మొహం ఉన్నవాడిని విలన్ అనుకోడానికి మనసొప్పుతుందా.

మూడోసారి చదవడానికి కారణం మా అత్తయ్య. వాళ్లది విజయనగరం. శుక్లాల ఆపరేషన్‌కి మా ఇంటికి వచ్చారు, కొన్నాళ్లు చదవొద్దు టీవీ తగ్గించండి అన్నారు డాక్టర్. ఆవిడకి సాయంత్రం ఏదో ఒకటి చదవకపోతే తోచదు. ఫోన్లో కథలు పెడితే ఆ గొంతు నాకు నచ్చలేదే అన్నారు. అయితే నేనే చదివి పెడతాను అత్తయ్యా, కన్యాశుల్కం ఉంది అన్నా, మనసులో ఆ బుచ్చమ్మ ప్రశ్న ఉంది కదా. ఆవిడ మొహం వెలిగిపోయింది, మా ఊరి భాష నీ నోట్లో ఎలా ఉంటుందో చూద్దాం మరి, చదువు అన్నారు. నాది భీమవరం గొంతు.

మొదటి రోజు, తెర తీయగానే గిరీశం ఒక్కడే ఉంటాడు, తనలో తను మాట్లాడుకుంటూ ఉంటాడు. పూటకూళ్లమ్మకి సంతలో సామాను కొనిపెడతానని చెప్పి నెల్రోజుల కిందట ఇరవై రూపాయలు పట్టుకెళ్లి డాన్సింగ్ గర్ల్ కింద ఖర్చు పెట్టేసానని చెప్పుకుంటాడు. నేను మంచి ఊపులో, కొంచెం యాక్షన్ కూడా కలిపి చదువుతున్నా, హాల్లోంచి మా ఆయన నవ్వుతున్నారు. అత్తయ్య నవ్వలేదు. ఆపు ఆపు, ఏటన్నాడు మళ్లీ చదువు అన్నారు. మళ్లీ చదివా. పూటకూళ్లమ్మంటే ఎవరనుకున్నావే, మొగుడు పోయినావిడ, పొయ్యి దగ్గర కూచుని పదిమందికి వండిపెట్టి ఒక్కో రూపాయి కూడేసుకుంది, ఆ డబ్బు తినీసాడు వీడు, మొదటి మాటే అది, నువ్వు దాన్ని పాట పాడినట్టు చదివీసావు అన్నారు.

నాకు నిజంగా చెంప మీద కొట్టినట్టయింది. ఇన్నేళ్లలో ఆ వాక్యం ఎన్నిసార్లు చూసి ఉంటానో. ఎవరూ దాచలేదు, వాడే చెప్పాడు, తెర లేచిన నిమిషంలోనే ఒప్పేసుకున్నాడు. నేను మాత్రం డాన్సింగ్ గర్ల్ అనే ఇంగ్లీషు మాట దగ్గర నవ్వుకుని ముందుకెళ్లిపోయా.

ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే ఒకటి తట్టింది. నవల్లో అయితే రచయిత పక్కన నించుని వీడు మంచోడు, వీడు దొంగ, ఈమె మనసులో ఇది ఉంది అని ఎంతో కొంత చెప్తాడు. నాటకంలో అలా చెప్పేవాడు లేడు. ప్రతి మాటా ఎవడో ఒకడు ఎవరికో ఒకరికి ఏదో పని మీద చెప్పేదే. కాబట్టి ఆ మాట ఎంత బావుందో చూస్తే లాభం లేదు, ఎవరితో చెప్తున్నాడు, ఇప్పుడే ఎందుకు చెప్తున్నాడు, పక్కన ఇంకెవరు వింటున్నారు, ఇవి చూడాలి. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మా పనిలో ఎక్స్‌పెక్టెడ్ ఒక కాలమ్, యాక్చువల్ ఒక కాలమ్ ఉంటాయి, రెండూ తేడా వస్తే అక్కడ బగ్గు ఉన్నట్టు. పిల్లాడి పాత రఫ్ నోట్సు ఒకటి తీసి అలాగే గీతలు గీసా, ఎదుటివాళ్లతో ఏమన్నాడు, ఒక్కడే ఉన్నప్పుడు ఏమనుకున్నాడు, చివరికి ఏం చేసాడు. సాహిత్యానికి ఇలా గళ్లు గీయడం చూస్తే మా తెలుగు మాస్టారు చెవి మెలేసేవారేమో కానీ నాకు చేతనైంది అదే.

గిరీశానికి ఈ గళ్లు భలే పనిచేసాయి. బుచ్చమ్మ తమ్ముడు వెంకటేశంతో అనేది ఒకటి, ఒంటరిగా అనుకునేది ఇంకొకటి. పరీక్ష తప్పిన ఆ కుర్రాడి భయాన్ని పట్టుకుని వాడికి చదువు చెప్పే వంకతో అగ్రహారం చేరతాడు, ఊళ్లో అప్పులవాళ్ల నుంచి తప్పించుకోడానికి. అగ్నిహోత్రావధాన్లుకి కోర్టు కేసుల పిచ్చి, కాబట్టి ఆయన దగ్గర ఇంగ్లీషు కాయితాలు చదివిపెట్టే మనిషి అయిపోతాడు. బుచ్చమ్మ దగ్గర సంస్కర్త. ఎవరికి ఏ లోటు ఉందో కనిపెట్టి ఆ లోటు సైజుకి తగ్గ మనిషిగా మారిపోతాడు. మనతో మాట్లాడ్డమే ఒక ఎడ్యుకేషన్ అంటాడు కదా, అందరం కోట్ చేస్తాం, నేను వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టా ఒకప్పుడు. గళ్లలో రాసి చూస్తే అది అప్పులు ఎగ్గొట్టి పారిపోతున్నవాడు పరీక్ష తప్పిన కుర్రాడి ముందు కొట్టుకున్న డప్పు.

మంచం కింద సీను కూడా మళ్లీ చదివాం. మధురవాణి కోసం వచ్చిన రామప్పంతులు ఆవిడ ఇంట్లో ముందే మంచం కింద దూరి ఉంటాడు, పూటకూళ్లమ్మ చీపురుకట్ట పట్టుకుని వచ్చేసరికి గిరీశం కూడా అక్కడే దూరతాడు, దెబ్బ రామప్పంతులుకి తగులుతుంది. ఈసారి కూడా నవ్వొచ్చింది, అబద్ధం చెప్పను, అత్తయ్య అయితే కళ్లకి నీళ్లు వస్తున్నాయి డాక్టరు తిడతాడు ఆపవే అన్నారు. కానీ నవ్వుతూనే ఆ చీపురుకట్ట ఆవిడది కదా, ఆ ఇరవై రూపాయలు ఆవిడవి కదా అని వెనకాల ఒకటి గుచ్చుకుంటూ ఉంది. అంతకు ముందు రెండుసార్లు ఆవిడ నాకు ఒక గయ్యాళి, అంతే.

గళ్లు పనిచేయనిది మధురవాణి దగ్గర. ఆవిడా అబద్ధాలాడుతుంది. రామప్పంతుల్ని ఆడిస్తుంది, లుబ్ధావధాన్లుని ఆడిస్తుంది, చివరికి మగవేషం వేసుకుని విశాఖపట్నంలో సౌజన్యారావు పంతులు అనే వకీలు ఇంటికి వెళ్తుంది. చెప్పేదీ చేసేదీ పోల్చుకుంటూ పోతే గిరీశానికీ ఈవిడకీ తేడా ఉండకూడదు. రెండు రోజులు ఇక్కడే ఇరుక్కుపోయా. ఇద్దరూ నటులే, మరి ఒకర్ని చూస్తే ఒళ్లు మండుతుంది ఇంకొకర్ని చూస్తే గౌరవం ఎందుకు వస్తుంది? అత్తయ్యని అడిగితే ఆవిడ చాలా తేలిగ్గా, వాడి అబద్ధం ఖర్చు ఎవరు కడతన్నారో చూడు, ఈవిడ అబద్ధం ఖర్చు ఎవరు కడతన్నారో చూడు అన్నారు. అంతే, నాలుగో కాలమ్ గీసా. గిరీశం అబద్ధాలకి కట్టేది పూటకూళ్లమ్మ, వెంకటేశం, బుచ్చమ్మ. మధురవాణి అయితే కంటె అనే తన నగని కూడా, ఆ శిష్యుణ్ని ఆడపిల్లని చెప్పి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టే దొంగ పెళ్లిలోకి వెళ్లనిస్తుంది. కంటె అంటే నేను ఏదో గొలుసు అనుకుంటూ వచ్చా, కాదే, మెడకి పట్టినట్టుండే గట్టి కడియం లాంటిది, మా మామ్మకి ఉండేది అని అత్తయ్య చేత్తో మెడ చుట్టూ గీసి చూపించారు. అప్పటిదాకా కంటె కోసం జరిగే గొడవంతా నాకు బోర్ కొట్టేది, ఆ వస్తువు కంటికి కనపడ్డాక ఆ గొడవ కూడా అర్థమైంది.

ఇంక బుచ్చమ్మ. ఆ సీను వచ్చేరోజు నేను ముందే ఒకసారి చదువుకుని ఉండాల్సింది, చదవలేదు. గిరీశం మాటలు ఎప్పటిలాగే గడగడా, బుచ్చమ్మవి చిన్న చిన్న ముక్కలు, అవునా, అలాగా, అనే ధోరణిలో. గైడు ప్రకారం అమాయకత్వం. చదువుకుంటూ పోతుంటే చెల్లెలు సుబ్బి పెళ్లి మాట వచ్చింది. సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి 1800 రూపాయలకి ఇచ్చెయ్యడానికి తండ్రి ఖాయం చేసేసాడు. ఆ పెళ్లి తప్పాలంటే నువ్వు నాతో వచ్చేయడమే దారి అన్నట్టు గిరీశం నడిపిస్తాడు మాటల్ని. ఆమె పట్టుకున్న కొస అదే. నేను చదవడం ఆపేసా. వెనక్కి తిప్పా. అప్పటివరకు ఆమె మాటలన్నీ మళ్లీ చూసా. తన గురించి తను అడిగేది ఎంత తక్కువో, ఇంట్లోవాళ్ల గురించి భయం ఎంత ఎక్కువో. తల్లి అప్పటికే ఈ పెళ్లి వద్దని నూతిలో దూకింది, ఆ సంగతి ఈ పిల్లకి బాగా తెలుసు. ఇది ప్రేమించి లేచిపోయిన పిల్ల కథ అని నేను మా అక్క కూతురికి చెప్పేసా! ఆమెకి గిరీశం అంటే ఇష్టం లేదని కాదు, ఉండే ఉంటుంది, ఆ ఇంట్లో ఆమెతో మనిషిలా మాట్లాడినవాడు వాడొక్కడే. కానీ గుమ్మం దాటించింది చెల్లెలు.

అత్తయ్య చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వాళ్ల చిన్నమ్మమ్మ గురించి చెప్పారు, వాళ్లమ్మమ్మ చెల్లెలు. తొమ్మిదో ఏట మొగుడు పోయాడట, అత్తయ్య చిన్నప్పుడు ఆవిడ ముసలావిడ, తెల్ల పంచె కట్టుకుని వెనక వసారాలో వంట దగ్గరే ఉండేదట. ఆవిడ పేరేంటి అత్తయ్యా అని అడిగా. ఆలోచించి, మేం అందరం మడమ్మ అనే పిల్చీవాళ్లం, పేరు నాకు తెలీదే అన్నారు. ఆ రోజు ఇంక చదవలేదు, అన్నాలు తినేసి పడుకున్నాం.

మర్నాటి నుంచి నేను పుస్తకాన్ని సుబ్బి వైపు నుంచి చూడటం మొదలుపెట్టా. సుబ్బి మనకి నాటకంలో దాదాపు కనపడదు. కానీ ఆ పిల్ల కోసం తల్లి నూతిలో దూకింది, మేనమామ కరటకశాస్త్రి దొంగ పెళ్లి పన్నాడు, శిష్యుడు చీర కట్టుకుని ముసలాడికి పెళ్లాం అయ్యాడు, మధురవాణి తన పరువూ నగా రెండూ పణం పెట్టింది, అక్క ఇల్లొదిలింది. గిరీశం మీద నుంచి కళ్లు తీస్తే గానీ ఇది కనపడలేదు నాకు. పుస్తకం పేరు గిరీశం కాదు కదా కన్యాశుల్కం కదా, పేరు అట్ట మీదే ఉంది, ఇరవై ఏళ్లు పట్టింది.

ఆ ఊపులో మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాట కూడా వెతికి చదివా. 1892లో విజయనగరంలో ఆడిన నాటకం, 1897లో అచ్చయింది, ఇప్పుడు మనం చదివేది 1909లో బాగా పెంచి తిరగరాసింది. మధురవాణి పాత్ర ఇంత పెద్దదైంది కూడా ఈ రెండో కూర్పులోనే. ఆ ముందుమాటలో విజయనగరం మహారాజా వాళ్లు విశాఖ జిల్లాలో శుల్కం పెళ్లిళ్ల లెక్క తీయించిన సంగతి ఉంది, మూడేళ్లలో 1034. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్ల వాళ్లు 44, మూడేళ్ల వాళ్లు 36, రెండేళ్ల వాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400. ఈ ముందుమాట ముందే చదివి ఉంటే నాటకం అంతా ఒక ఉపన్యాసంలా కనపడేదేమో, చివర్లో చదవడమే మంచిదైంది అనిపించింది. 1034 అనే అంకె దగ్గర నాకు గుర్తొచ్చింది ఆ లెక్కలో పేరు లేని పిల్లలు, వాళ్లలో ఎంతమంది మడమ్మలయ్యారో అని.

ఒక అనుమానం కూడా తీరింది. గిరీశం లాంటి వెధవ నోట్లో వితంతు వివాహం మాటలు పెట్టాడంటే గురజాడకి సంస్కరణ అంటే పడదా అని నాకు ఎప్పటినుంచో ఉండేది. వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881లో. ఈ నాటకం ఆడేటప్పటికి పదకొండేళ్లే. ఆ మాటలు అప్పుడు కొత్తవి, గొప్పవి, బహుశా ఫ్యాషన్ కూడా. గొప్ప మాటల్ని ముందుగా పట్టుకునేది గిరీశాలే, ఈ సంగతి ఆఫీసులో రోజూ చూస్తున్నా కదా, ఏ కొత్త పదం వచ్చినా మీటింగులో మొదట వాడేది ఎవడో నాకు బాగా తెలుసు. మాట మంచిదే, పట్టుకున్న చెయ్యి చూడాలి.

అన్నీ తేలిపోలేదు. చివర్లో మధురవాణి సౌజన్యారావు పంతుల్ని ముద్దు అడుగుతుంది, వేశ్యలంటే దూరంగా ఉండే పెద్దమనిషి ఆయన, మాయమైన ఆ దొంగ పెళ్లికూతుర్ని చంపాడని లుబ్ధావధాన్లు మీద పడ్డ కేసు గెలవాలి కాబట్టి సరే అనేదాకా వస్తాడు, అప్పుడు ఈవిడే ఆపేస్తుంది, చెడనివాళ్లని చెడగొట్టొద్దని వాళ్లమ్మ చెప్పిందని. ఆవిడకి ఆయన మీద నిజంగా మనసుందా, లేక ఆయన పవిత్రత ఎంత గట్టిదో నొక్కి చూసిందా? అత్తయ్య మనసుంది అంటారు, గట్టిగా. నేను పరీక్షే అంటాను. మూడు రోజులు వాదించుకున్నాం, మా ఆయన మధ్యలో దూరి రెండూనేమో అంటే ఇద్దరం కలిసి ఆయన్ని కసిరాం.

ఇంకోటి, ఇది అత్తయ్య ప్రశ్న. గిరీశం గుట్టు బయటపడ్డాక సౌజన్యారావు పంతులు బుచ్చమ్మని పూనాలో వితంతువుల హోముకి పంపిద్దాం అని నిర్ణయిస్తాడు, వాడిని వెళ్లి చదువుకోమంటాడు, వాడు కథ అడ్డంగా తిరిగిందని డామిట్ అంటాడు, తెర. అందరం అక్కడ చప్పట్లు కొడతాం. అత్తయ్య దిండుకి ఆనుకుని కళ్లు మూసుకునే, పూనాకి వెళ్తావా అని దాన్ని ఎవరైనా అడిగారటే అన్నారు. వెతికా. ఆ సీన్లో బుచ్చమ్మ లేదు. మంచివాడు, చదువుకున్నవాడు, నిజంగా మేలు కోరేవాడు, ఆయన కూడా ఆమె లేనప్పుడే ఆమె సంగతి తేల్చేసాడు. ఇది గురజాడ కావాలని పెట్టాడో, కాలం అంతే అని వదిలేసాడో నేను చెప్పలేను. నా నోట్సులో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.

మొత్తం చదవడానికి మూడు వారాలకి పైనే పట్టింది, రోజూ ఏడింటి నుంచి ఎనిమిది దాకా, మధ్యలో చుట్టాలొచ్చి రెండు రోజులు పోయాయి. అత్తయ్య కళ్లు బాగైపోయాయి, ఊరెళ్తూ ఆ పుస్తకం పట్టుకెళ్లిపోయారు, నువ్వు పైకి చదివితే వినడం వేరు, నేను నా కళ్లతో ఆ పిల్ల మాటలు మళ్లీ చూడాలి అన్నారు. నేను ఇంకో కాపీ కొనుక్కున్నా.

ఆవిడ్ని రైలెక్కించి వచ్చిన రోజే మా అక్క కూతురికి ఫోన్ చేసా. ఇరవై రూపాయల దగ్గర మొదలుపెట్టి బుచ్చమ్మ దాకా అరగంట చెప్పా, అది అడ్డురాకుండా విన్నది. అంతా విని, అయ్యో పిన్నీ, మా క్లాసు అయిపోయి పదిహేను రోజులైంది అంది. మరి ఏం చెప్పావే అన్నా. నువ్వు చెప్పిందే చెప్పా, కొంచెం వెధవ హీరో అని, అందరూ తెగ నవ్వారు అంది.